అడ్డపొగ

మా దొడ్డ చుట్ట కాలుస్తోందని కొత్తవాళ్ళకి చప్పున తెలిసేది కాదు. నిప్పున్న కొస నోటి లోపల, ఆరిన కొస బయట, మధ్యలో బిగించిన పెదవులు. అప్పుడప్పుడు చుట్ట తీసి, పక్కకి తిరిగి బూడిద ఉమ్మేసి, మళ్ళీ నిప్పుని లోపలికి పంపేది. ఉభాల్లో నడుం వంచి ఆకు నాటుతున్నా, గోడకి పిడకలు చరుస్తున్నా, కాళ్ళమీద చంటిదాన్ని వేసుకుని నీళ్ళు పోస్తున్నా ఆ చుట్ట అలా ఉండాల్సిందే. చేతులు ఖాళీ లేని ఆడవాళ్ళు చేసుకున్న ఏర్పాటు అది. గాలికి ఆరదు, బూడిద బిడ్డ మీద రాలదు, ఒక్క చుట్ట పూటంతా వస్తుంది. తల్లిని చూసి కూతురు నేర్చుకునేది. మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో దీన్ని అడ్డపొగ అంటారు.

1960ల రెండో సగంలో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి దంతవైద్య పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాకి వచ్చారు. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి 10 వేల మందికి పైగా నోళ్ళు తెరిపించి చూశారు. నూటికి 43 మందికి పైగా అడ్డపొగ వాళ్ళే. నోటి కేన్సర్ మిగతా చోట్ల నాలుక మీదో బుగ్గ లోపలో లేస్తుంది. గట్టి అంగిలి మీద రావడం అరుదు. మా వైపు అరుదు కాదు, నిప్పు సెగ తగిలే చోటు అదే కదా. నేను ముప్పై ఏళ్ళు బళ్ళో సైన్సు చెప్పాను. ఈ సంగతి ఒక్క క్లాసులోనూ చెప్పలేదు. పుస్తకంలో సిగరెట్టు బొమ్మ ఉండేది, సిగరెట్టు గురించి చెప్పి ఊరుకున్నాను. ఆ పిల్లల అమ్మమ్మలెవరూ సిగరెట్లు కాల్చలేదు.

దొడ్డది ఆమదాలవలస దగ్గర నాగావళి ఒడ్డు ఊరు. డెబ్భై దాటాక అంగిట్లో పుండు లేచింది. ఆర్నెల్లు ఎవరికీ చెప్పలేదు. కారం తినడం మానేసింది, అంతే. కోడలు కనిపెట్టి దొడ్డ కొడుక్కి, అంటే నాకు తమ్ముడి వరసవాడికి, ఫోన్ చేసింది. వాడు హైదరాబాదులో సెంట్రింగ్ పని చేస్తాడు, మా వైపు చాలా ఊళ్ళ మగవాళ్ళలాగే. వాడు నాకు చేశాడు. నేను విజయనగరం నుంచి వెళ్ళి ఆవిణ్ణి విశాఖ తీసుకెళ్ళాను, వాడూ అక్కడికే వచ్చాడు. ముక్క తీసి పరీక్షకి పంపారు, స్కాన్ తీశారు. ఎముకలోకి పాకిందన్నారు. కోతకీ కరెంటుకీ కూడా దాటిపోయిందన్నారు.

అక్కడ ఒక పెద్ద డాక్టరు నన్నూ తమ్ముణ్ణీ వరండాలోకి పిలిచి, ఇంకో రోగి కాగితాలు చేతిలో పట్టుకునే, ‘ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపోండి’ అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన గది ముందు బెంచీలు చాలక జనం నేల మీద కూర్చున్నారు. నా తగువంతా ఆ మాటతోనే. చేసేదేం లేదన్న రోజు నుంచి దొడ్డ ఏడు నెలలు బతికింది. ఆ ఏడు నెలల్లో ఆవిడకి చేసినంత పని అంతకుముందు డెబ్భై ఏళ్ళలో ఎవరూ చెయ్యలేదు. మేం మాత్రం తక్కువ తిన్నామా? ఆయన వెళ్ళిపోతుంటే వెంటపడి, ‘ఆవిడకి చెప్పకండి సార్’ అని బతిమాలుకున్నాం.

తిరుగు బస్సులో ఆవిడే అడిగింది. ‘ఏటన్నార్రా?’

‘పుండే దొడ్డా. మందులకి మానిపోద్దన్నారు.’

ఆవిడ కాసేపు కిటికీలోంచి చూసింది. తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసి, ‘మానిపోద్దిలే బావూ, నువ్వు బెంగెట్టుకోకు’ అంది.

1965లో అమెరికాలో బార్నీ గ్లేసర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ అనే ఇద్దరు సమాజశాస్త్రవేత్తలు ఒక పుస్తకం అచ్చువేశారు. శాన్‌ఫ్రాన్సిస్కో వైపు ఆసుపత్రుల్లో చావుకి దగ్గరైనవాళ్ళ మంచాల చుట్టూ ఎవరికి ఏం తెలుసో, ఎవరు ఎవరి దగ్గర ఏం దాస్తున్నారో ఏళ్ళతరబడి గమనించి రాసింది. వాళ్ళు నాలుగు రకాలు చెప్పారు. రోగికి తెలియకపోవడం ఒకటి, అనుమానపడటం ఒకటి, అరమరికలు లేకుండా మాట్లాడుకోవడం ఒకటి. ఇంకొకటి, అందరికీ తెలిసి ఎవరికీ తెలియనట్టు నటించడం. ఆ బస్సులో మా ఇద్దరిదీ అదే. ఇంటికొచ్చాక కోడలూ చేరింది, పక్కిల్లూ చేరింది. దొడ్డ ఇంట్లో అందరం అడ్డపొగ పట్టాం. నిప్పు లోపల పెట్టుకుని పెదవులు బిగించి ‘ఏం లేదు, ఏం లేదు’ అనుకుంటూ తిరిగాం. మాకంటే ఆవిడకే ఆ విద్యలో అనుభవం ఎక్కువ.

నెల తిరిగేసరికి నొప్పి మొదలైంది. ఊరి దగ్గర టౌన్లో మందుల షాపుకి వెళ్ళి, కేన్సర్ నొప్పికి మార్ఫిన్ అని ఏదో ఉంటుందట కదా అంటే, షాపతను నన్ను ఎగాదిగా చూసి, ‘అది మత్తుమందు మాస్టారూ, మా దగ్గర ఉండదు’ అన్నాడు. అతని భయం ఊరికే పుట్టింది కాదు. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టంతో, ఒక ఆసుపత్రి మార్ఫిన్ పెట్టుకోవాలంటే ఒకటికి నాలుగు లైసెన్సులు కావలసి వచ్చేవి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో సర్కారు అనుమతితో నల్లమందు పండించి పైదేశాలకి అమ్ముకునే దేశం మనది. ఇక్కడ రాచపుండు నొప్పితో గోడకి తల బాదుకునేవాళ్ళకి మాత్రం దాని మాత్ర దొరికేది కాదు. 2014లో చట్టం సవరించి దారి కొంత సులువు చేశారు. చట్టం మారినంత త్వరగా షాపతని చూపు మారదు.

మళ్ళీ విశాఖ పోయి, అడిగి అడిగి, నొప్పికి విడిగా చూసే ఓపీ ఒకటుందని తెలుసుకున్నాం. అక్కడ డాక్టరమ్మ స్టూలు లాక్కుని దొడ్డ పక్కన కూర్చుంది. మా అదృష్టం ఆ స్టూలు దగ్గర మొదలైంది. 10 మిల్లీగ్రాముల మాత్రలు, నాలుగు గంటలకొకటి, గడియారం తప్పకూడదు. నొప్పి వచ్చాక వేసుకునే మందు కాదు, రాకుండా వేసుకునే మందు. ఊళ్ళో గడియారం ఎవరు చూస్తారు? పొద్దున్న ఫస్టు బస్సు హారను కొట్టినప్పుడు ఒకటి, బడి గంటకి ఒకటి, భోజనాలై అంట్లు బయట పడేటప్పుడు ఒకటి, దీపాలవేళ ఒకటి, నాగావళి వంతెన మీద రాత్రి రైలు చప్పుడుకి పడుకోబోతూ డాక్టరమ్మ చెప్పిన పెద్ద మోతాదు. కోడలు ఏర్పాటు చేసిన ఈ లెక్క విని డాక్టరమ్మ తన కాగితం మీద కూడా అలాగే రాసుకుంది.

అయిదు రోజులు దొడ్డ హాయిగా నిద్రపోయింది. ఆరో రోజు మాత్ర వద్దని తల తిప్పేసింది. ఏడో రోజూ అంతే. నొప్పితో మూలుగుతోంది గానీ నోరు తెరవదు. అప్పటికి అంగిలికి చిల్లు పడింది. అంబలి పోస్తే ముక్కులోంచి వచ్చేది, మాట కూడా ముక్కులోంచే వచ్చేది, హల్లులన్నీ అరిగిపోయి. ఎందుకు వద్దంటోందో ఎవరి ఊహ వాళ్ళు చేశాం. మత్తుకి అలవాటు పడతానని భయపడుతోందని నేను. మొండితనమని తమ్ముడు, హైదరాబాదు నుంచి ఫోన్లో. మందు చాలక నమ్మకం పోయిందేమో, మోతాదు పెంచి చూద్దామని డాక్టరమ్మ కూడా ఫోన్లోనే. ముగ్గురం తెలివైనవాళ్ళమే. ఒకరికి డిగ్రీ ఉంది, ఒకరికి పట్టుదల ఉంది, ఒకరికి ముప్పై ఏళ్ళ బడి అనుభవం ఉంది.

తొమ్మిదో రోజు పక్కింటి అప్ప మజ్జిగ చెంబు పట్టుకొచ్చి, మాటల మధ్యలో అంది. ‘దొడ్డికెళ్ళక వారమైపోనాది కదేటి, ఆ బాధకే మాత్ర మింగనంటంది. సైగ సేసి సెప్పింది నాకు. మీకు తెలీదేటి?’

మార్ఫిన్ వాడేవాళ్ళకి మలబద్ధం దాదాపు తప్పదు. అందుకే దాంతోపాటు విరేచనం సాఫీ అయ్యే మందు కూడా రాస్తారు. రాశారు కూడా. ఆ మాత్ర రంగు వేరుగా ఉంటే అది బలం మాత్ర అనుకుని ఒక్కోసారి వేశాం, ఒక్కోసారి మానేశాం. ఇంత చిన్న సంగతి. కొడుకు వరస నాకు చెప్పుకోలేదు. ఫోన్లో డాక్టరమ్మకి చెప్పడానికి మాట లేదు. కోడలికి చెబితే తనకి పని పెరుగుతుందని మొహమాటం. పక్కింటి అప్పకి చెప్పింది. అప్ప మాకు చెప్పలేదు, మేం అడగలేదు కాబట్టి. నాలుగు రోజులు ఆ ముసలిప్రాణం అల్లాడటానికి కారణం జబ్బు కాదు, మాట పక్కింట్లో ఉండిపోవడం.

ఈ గొడవలోనే ఊరి క్లినిక్ నర్సమ్మ మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. కాగితాల్లో ఆవిణ్ణి ఎమ్మెల్‌హెచ్‌పీ అంటారు, ఊళ్ళో నర్సమ్మే. పాతికేళ్ళ పిల్ల. అంతవరకూ బీపీ, షుగరు చూసి మాత్రలిచ్చేది. ఆశా వర్కరు చెబితే వచ్చింది. వచ్చి కుర్చీ వద్దని, మంచం కోడుకి ఆనుకుని నేల మీద కూర్చుంది. చెప్పాలా వద్దా అని మేం నెలల తరబడి కొట్టుకుంటున్న గోడ పక్కనే ఒక గుమ్మం ఉందని నాకు ఆ పిల్ల చూపించింది. ఆవిడేమీ చెప్పలేదు, అడిగింది. ‘నీకేటైందనుకుంటన్నావమ్మా?’

కెనడా డాక్టరు రాబర్ట్ బక్‌మన్, ఇంకొందరు కలిసి 2000లో చేదుకబురు ఎలా చెప్పాలో ఆరు మెట్లుగా రాశారు. కుదురుగా కూర్చోవడం మొదటిది. చెప్పే ముందు రోగికి ఏం తెలుసో అడగడం రెండోది. ఈ పిల్ల అది చదువుకుందో లేదో నేనడగలేదు. తప్పిపోయిన గేదెని వెతికేవాడు కూడా ముందు ‘ఎటు పోయిందనుకుంటున్నావు’ అనే అడుగుతాడు.

దొడ్డ చాలాసేపు ఏదో అంది. ముక్కులోంచి ఊళ వచ్చినట్టుంది తప్ప నాకొక్క ముక్క అర్థం కాలేదు, నర్సమ్మకీ కాలేదు. గుమ్మం అవతలి నుంచి మనవరాలు చెప్పింది. పదకొండేళ్ళది. ఇలాంటి మాటలు దాని చెవిన పడకూడదని మేం ఎప్పుడూ ఏదో ఒక వంకతో బయటికి పంపేసే గుంట.

‘రాచపుండట. వాళ్ళమ్మకీ ఇదే వచ్చిందట. కంపు కొడతందని సీకటింట్లో పడుకోబెట్టీసినారట. ఎవులూ లోపలికెళ్ళలేదట. నన్ను సీకటింట్లో పెట్టొద్దంటంది.’

ఎవరికి తెలియకూడదని పంపేశామో అదే మాకు దుబాసీ అయింది. రాత్రిళ్ళు నాన్నమ్మ పక్కనే పడుకునేది కాబట్టి, అక్షరం అక్షరం అరిగిపోతున్న ఆ మాట దాని చెవికి అలవాటై పోయింది. దానికి మొదటి నుంచీ అన్నీ తెలుసు. మేం దాస్తున్నామనీ తెలుసు. పాపం, మా కోసం అది కూడా పెదవులు బిగించుకునే తిరిగింది.

దొడ్డ కోరింది చావు గురించి కాదు, చోటు గురించి. మంచం వీధి పంచలోకి రావాలి. రావాలంటే వాసన పోవాలి. నిజానికి అప్పటికే మేం ఆవిణ్ణి లోపలి గదికి మార్చేశాం, గాలి తగలకూడదన్న సాకుతో. నర్సమ్మ నొప్పి ఓపీకి ఫోన్ చేసి కనుక్కుంది. విరేచనాలకి వాడే మెట్రోనిడజోల్ మాత్ర ఉంది చూడండి, కిరాణా కొట్టువాడికి కూడా పేరు తెలిసిన చవక మాత్ర, దాన్ని సీసాతో మెత్తగా నూరి పుండు మీద చల్లమన్నారు. పుండు కుళ్ళి కంపు కొట్టేది గాలి అక్కర్లేని సూక్ష్మజీవుల వల్ల, ఆ మందు వాటిని చంపుతుంది. దవడ పక్కన బయటికి తెరుచుకున్న పుండుని నర్సమ్మ ఉప్పునీళ్ళతో కడిగి ఆ పొడి చల్లింది. మూడో రోజుకి ఇంట్లో కంపు తగ్గి అగరొత్తి వాసన తెలిసింది. అయిదో రోజు మంచం పంచలోకి వచ్చింది. ఆ సాయంత్రం పక్కింటి అప్ప, ఇంకో ఇద్దరు ముసలమ్మలు అరుగు మీద చేరి గంటసేపు ఎవరి కోడళ్ళనో తిట్టుకున్నారు. దొడ్డ కూడా తిట్టింది, గుంట తర్జుమా చేసింది, కొన్ని మాటలు మింగేసి.

నొప్పి లెక్క ఇంకో కథ. ఆసుపత్రుల్లో సున్నా నుంచి పది దాకా ఎంత నొప్పి అని అడుగుతారు. దొడ్డ పదికీ నవ్వేది, రెండుకీ నవ్వేది. పరీక్షలు రాయని మనిషికి పదికెన్ని మార్కులంటే ఏం చెబుతుంది? ఒకరోజు ‘సోలెడు’ అంది. నర్సమ్మ నావైపు చూసింది. ఆ పిల్లకి కిలోలు తప్ప తెలియవు. నేను లెక్క చెప్పాను. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. దొడ్డది కళ్ళాల్లో ధాన్యం కొలిచిన ఒళ్ళు. పొద్దుట నొప్పి సోలెడు, మధ్యాహ్నానికి మానెడు, గడియారం తప్పితే కుంచెడు. నొప్పి ఎలాంటిదో చెప్పడంలోనూ ఆవిడకి తిరుగులేదు. సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు, జివ్వున లాగడం వేరు. మంటా, జివ్వుమనడమూ నరాల నొప్పి జాడ, దానికి మార్ఫిన్ ఒక్కటే చాలకపోవచ్చు, వేరే మాత్ర జోడించాలి. ‘రేత్రి సెవిలోకి జివ్వుమని లాగతంది’ అన్న దొడ్డ మాటని గుంట నర్సమ్మకి చెప్పింది, నర్సమ్మ యథాతథంగా ఫోన్లో చదివింది, డాక్టరమ్మ పడుకోబోయే ముందు వేసే మాత్ర ఒకటి కలిపింది. ఆ మాట నా చేతిలో పడి ఉంటే ‘చెవి నొప్పి’ అని శుభ్రంగా దిద్ది చెప్పేవాణ్ణి.

నర్సమ్మ ఒక రూళ్ళ నోటుపుస్తకం కొని, దారం కట్టి, గుమ్మం పక్క మేకుకి తగిలించింది. నిలువు గీతలు గీసింది. టైము, మందు, తిండి, దొడ్డికి, నొప్పి, వేసిన వాళ్ళు. చివర ఒక గడి ఎక్కువ గీసి పైన ‘మాట’ అని రాసింది. ఆ పూట ఆవిడ ఏమన్నా అంటే, ఎవరితో అన్నా, అక్కడ రాయాలి. నాకు మొదట నవ్వొచ్చింది. బళ్ళో ఇన్‌స్పెక్షన్లకి ఇలాంటి గడులు చాలా నింపాను నేను.

ఒక పేజీ ఇలా ఉంది. ‘బడి గంట – మాత్ర వేశాను – అంబలి అర గ్లాసు, ముక్కులోంచి వచ్చింది – అయింది – తవ్వెడు – కోడలు. మాట: కొబ్బరిచెట్టు అమ్మొద్దంది.’ దాని కింద పక్కింటి అప్ప చెప్పగా గుంట రాసింది. ‘మాట: కొబ్బరిచెట్టు అమ్మీసి అప్పు తీర్చీమంది.’ ఒకే పూట, రెండు నోళ్ళు. అంతకుముందైతే కోడలు ఒకటి చెప్పి, అప్ప ఒకటి చెప్పి, తమ్ముడు హైదరాబాదు నుంచి వచ్చి ఎవరిదో ఒకరి మాట అబద్ధమనేవాడు. పుస్తకంలో పక్కపక్కనే ఉండేసరికి అడగాలనిపించింది. చెట్లు రెండు. ఇంటి ముందుది అమ్మొద్దు, గట్టు మీదిది అమ్ము. అప్పుందని మాకెవరికీ తెలీదు, ఉభాల కూలీల బాకీ 3 వేలు.

పెద్దాసుపత్రుల్లో దీన్ని బృందం పని అంటారు. డాక్టరు, నర్సు, సోషల్ వర్కరు, ఫిజియోథెరపీ మనిషి బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడం. సిసిలీ సాండర్స్ అనే ఇంగ్లీషావిడ ఆ కుర్చీల్లో మూడింటిలో తనే కూర్చుంది. మొదట నర్సు. నడుం నొప్పితో ఆ పని మానాల్సి వచ్చి, రోగుల ఇంటి కష్టసుఖాలు చూసే ఉద్యోగంలో చేరింది. తర్వాత వైద్యం చదివి నలభైకి దగ్గరపడుతూ 1957లో డాక్టరైంది. 1967లో లండన్‌లో, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూసుకోవడానికి సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. నొప్పి ఒంటిదే కాదు, మనసుది, అప్పులది, దేవుడితో పేచీది కూడా అని ఆవిడ చెప్పగలిగిందంటే మూడు కుర్చీల్లో మూడు రకాల మాటలు విన్నది కాబట్టేనని నా అనుమానం. నర్సుకి చెప్పింది రోగి డాక్టరుకి చెప్పడు.

కేరళలో ఇంకో దారి తొక్కారు. 1993లో కోళికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ తదితరులు మొదలుపెట్టిన పని, తర్వాతి ఏళ్ళలో మలప్పురం వైపు ఊరివాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. మామూలు జనమే వారానికి కొన్ని గంటలు మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళడం నేర్చుకున్నారు. 2008లో అక్కడి ప్రభుత్వం దానికొక విధానమే ప్రకటించింది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలాట్ లాంటివాళ్ళు ఈ పనిని తెలుగునాట నిలబెట్టారు. తెలంగాణలో ఇళ్ళకి వచ్చే బండికి ‘ఆలన’ అని పేరు పెట్టారు. చక్కటి పేరు. ఉపశమన చికిత్స అంటే మా దొడ్డ ఊళ్ళో ఎవరికీ నోరు తిరగదు, ఆలనాపాలనా అంటే తెలియనివాళ్ళుండరు. మా వైపు 104 బండిలో డాక్టరు వచ్చిన రోజు మధ్యాహ్నం మంచాన ఉన్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళే పద్ధతి 2023లో మొదలుపెట్టారు. మా ఇంటికీ వచ్చాడు. నోటుపుస్తకం నాలుగు పేజీలు వెనక్కి తిప్పి చదివి, ‘ఇంత కేస్ షీటు మా దగ్గర కూడా ఉండదమ్మా’ అన్నాడు గుంటతో. అది వారం రోజులు నేల మీద నడవలేదు.

ఇది రాచపుండు ఒక్కదాని సంగతి కాదు. సోంపేట వైపు మా చుట్టాల ఊరు వెళ్ళినప్పుడు ఒకసారి డయాలసిస్ వాళ్ళని తీసుకొచ్చే ఆటోలో చోటు దొరికింది. కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఉద్దానం అంతా జీడితోటలూ కొబ్బరితోటలూ, ఆ చల్లటి నీడలో ఇంటికొకరు చొప్పున కిడ్నీ జబ్బు ఉన్న వీధులు. నీళ్ళా, ఎండా, మరొకటా, కారణం ఇదీ అని ఇన్నేళ్ళ పరిశోధనలూ తేల్చలేకపోయాయి. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, అదే రోజు హిరమండలం నుంచి పైపుల్లో మంచినీళ్ళు తెచ్చే పథకమూ మొదలుపెట్టారు. మంచిదే. ఆటోలో నా పక్కనున్న పెద్దమనిషి మాత్రం యంత్రం మీద నాలుగు గంటలు పడుకుని వచ్చి, నీరసంగా డ్రైవరు వీపు వైపు చూస్తూ అన్నాడు. ‘ఇంక నావల్ల కాదురా. పై వారం రాను.’ డ్రైవరు తల తిప్పకుండా, ‘అలగనీకు మావా, సోమారం వస్తాను, లెగిసుండు’ అన్నాడు. దిగాక అడిగితే డ్రైవరు చెప్పాడు, అలా అనేవాళ్ళలో నిజంగా మానేసేదెవరో తనకి తెలిసిపోతుందట. ఎవరితోనైనా చెప్పావా అంటే, ‘నన్నెవులడుగుతారు మాస్టారూ?’ అన్నాడు.

బల్ల చుట్టూ వేసిన కుర్చీల్లో ఆ డ్రైవరుకి కుర్చీ లేదు. పక్కింటి అప్పకీ లేదు. గుంటకైతే గదిలోకే అనుమతి లేదు. హోదా దిగేకొద్దీ రోగి నోరు విప్పుతాడన్నది నేను చూసిన సంగతి. ఎందుకంటే కింద ఉన్నవాళ్ళు ఆ మాట పట్టుకుని వెంటనే ఏమీ చెయ్యరు. డాక్టరుకి చెబితే పరీక్ష రాస్తాడు, కొడుక్కి చెబితే ఏడుస్తాడు, నాలాంటివాడికి చెబితే దిద్దుతాడు.

చివరి నెలలో ఒకరోజు మాట గడిలో ‘సుట్ట’ అని ఉంది. కోడలు కొట్టేసింది, గుంట మళ్ళీ రాసింది. తమ్ముడు అప్పటికి పని వదిలి వచ్చేశాడు. వాడు పుస్తకం చూసి మండిపడ్డాడు. ‘ఆ సుట్టే కదా తినీసింది మాయమ్మని!’ నర్సమ్మకి కూడా ఏం చెప్పాలో తోచలేదు, ఫోన్ చేసింది. డాక్టరమ్మ చుట్ట మంచిదనలేదు, చెడ్డదనలేదు. ‘పీల్చలేదు కదా, అంగిట్లో చిల్లు ఉంది. ఎందుకడుగుతోందో కనుక్కోండి’ అంది. కనుక్కుంటే, వాసన కావాలట. తమ్ముడే లేచి బయటికి వెళ్ళాడు. అరగంట తర్వాత పొగాకు కాడ ఒకటి పట్టుకొచ్చి, మాట్లాడకుండా తల్లి చేతిలో పెట్టాడు. ఆవిడ ఆకు విప్పి, ఈనె తీసి, ఒళ్ళో పరుచుకుని, వణికే వేళ్ళతోనే చుట్ట చుట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత పక్కింటి అప్పకి ఇచ్చేసింది. అప్ప దాన్ని కాల్చలేదు, కొంగున కట్టుకుంది. తమ్ముడు ఆ రాత్రి తల్లి మంచం దగ్గర పడుకున్నాడు. ఏడు నెలల్లో మొదటిసారి వాళ్ళిద్దరూ చావు గురించి మాట్లాడుకున్నారని మర్నాడు గుంట చెప్పింది. ఏమనుకున్నారో చెప్పలేదు, పుస్తకంలోనూ రాయలేదు. అడిగితే, ‘అది రాసీది కాదు పెదనాన్నా’ అంది.

దొడ్డ పంచలోనే పోయింది, తెల్లవారుజామున, ఫస్టు బస్సు రాకముందు. పెద్దకర్మ అయ్యాక నోటుపుస్తకం నేనడిగి తెచ్చుకున్నాను. రాత వెనుకపేజీల దాకా వెళ్ళింది. ఆఖరి వరస గుంట చేతిది. టైము దగ్గర ‘రేత్రి రైలు’ అని ఉంది. మాత్ర వేసింది. తిండి లేదు. నొప్పి గిద్దెడు. మాట గడిలో, పెన్సిలు మొండిదైపోయి లావుగా పడ్డ అక్షరాల్లో, ‘రాసింది సాలు, తొంగోయే’ అని రాసి, పక్కన బ్రాకెట్లో ‘నన్నే’ అని రాసుకుంది.